కానరాని గ్రహము – కానరాని భగవంతుడు

“కంటికి కానరాని గ్రహమును ఖగోళజ్ఞులు నమ్ముచుండగా, కానరాని భగవంతుని మనమేల నమ్మరాదు?” అని కొందరు భక్తులు వాదించుచుందురు. సదుద్దేశముతో పలుకు ఈ మాట ఎంతవరకు నిలుచునో విచారింపవలసియున్నది.

2019వ సంవత్సరమున అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య తన శతవార్షికోత్సవ సందర్భమున ఒక్కొక్క దేశమునకు ఒక నక్షత్రమునకును, దాని గ్రహమునకును పేరిడు అవకాశమొసగెను. భారతదేశము వంతునకు వచ్చిన నక్షత్రమునకు భౌతికశాస్త్రవేత్త బిభా చౌధురి స్మరణార్థము ‘బిభా’ అనియు, గ్రహమునకు ‘సంతమస’ అనియు పేర్లు స్థిరపడినవి. విభ యనగా కాంతి. సంతమసమనగా అంతటను వ్యాపించిన చీకటి యని అమరకోశము. గ్రహము మేఘావృతమై యుండునను తలంపుతో ఆ పేరిడిరి. అది గురుగ్రహము వంటి వాయుగోళము, దానికంటె బరువైనది, తన నక్షత్రమును 2 దినములకు కొంచెము మించిన కాలములోనే చుట్టివచ్చును.

2006లో దీనిని కనుగొన్నవారు దీనిని చూడలేదు. గ్రహము లాగుటచే నక్షత్రము ఇటునటు కదలును. ఆ కదలికచే నక్షత్రకాంతిలో కలుగు స్వల్పమైన మార్పును కొలిచి, గ్రహమున్నదని నిశ్చయించిరి. పొగను చూచి నిప్పును గ్రహించుట వంటిదే యిది. తర్కశాస్త్రము దీనిని అనుమాన ప్రమాణమనును. లోకములో అనుమానమనగా సందేహము; ఇచట హేతువుచే కలుగు జ్ఞానము.

భగవంతుని గూడ ఇట్లే సాధింపవచ్చునా? సాధింపరాదని భగవద్రామానుజులు శ్రీభాష్యమున, శాస్త్రయోనిత్వాధికరణమున నిర్ణయించిరి. కుండను చూచి కుమ్మరిని ఊహింతుము. ఏలన, కుమ్మరి కుండ చేయుట చూచియున్నాము. కాని ఆ కుమ్మరి అల్పజ్ఞుడు, కర్మబద్ధుడు. జగత్తును చూచి ఆ దారినే పోయినచో అట్టి పరిమితులైన కర్తలు ఒకరో పలువురో సిద్ధింతురు గాని, సర్వజ్ఞుడు, సర్వేశ్వరుడునగు శ్రీమన్నారాయణుడు సిద్ధింపడు. గ్రహమునకు సాటి గ్రహములున్నవి గనుక అనుమానము చెల్లినది. సాటిలేనివానిని దేనినిబట్టి ఊహింతుము?

ఇది పండితుల వాదము మాత్రమే కాదు. హైదరాబాదునకు ఉత్తరమున, మేడ్చల్ మార్గమునందలి సుచిత్ర కూడలి వంటి చోట్ల, వీధిదీపముల వెలుగులో నక్షత్రములు కానరాని ఇండ్లలో మన పిల్లలు పెరుగుచున్నారు. వారు రేపు ఇట్టి ప్రశ్నలే అడుగుదురు. ఖగోళజ్ఞుల లెక్కలు క్రొత్త కొలతలతో మారును; మారుట వానికి దోషము కాదు. కాని పిల్లవాని భక్తిని ఆ లెక్కకు ముడివేసినచో, లెక్క మారిననాడు భక్తియు సడలును. కావున గ్రహమును కొలతచే తెలిసికొనుమనియు, భగవంతుని వేదముచే, ఆచార్యోపదేశముచే తెలిసికొనుమనియు చెప్పుటయే న్యాయము. ఏ వస్తువునకు ఏ ప్రమాణమో ఆ ప్రమాణమునే ఆశ్రయింపవలెను.

సంతమస గ్రహము బరువును, గమనమును అనుమానము చెప్పగలిగెను. శరణన్నవానిని స్వామి విడువడని చెప్పగలది శాస్త్రమొక్కటియే. ఆ విశ్వాసమును శ్రీనివాసుడు మన ఇంటింట నిలుపుగాక!