తల్లి పళ్ళెంలో ఏముంది?



యాయీరు కుమార్తెను ప్రభువు మరణం నుండి లేపిన సంగతి మార్కు సువార్త 5వ అధ్యాయంలో మీరు చదివే ఉంటారు. ఆ బాలికకు పన్నెండేళ్ళు. ఆమె లేచి నడవగానే అందరూ ఆశ్చర్యంలో మునిగిపోయారు. ఆ సంభ్రమంలో ఎవరికీ తోచని మాట ప్రభువుకు తోచింది. బిడ్డకు తినడానికి ఏమైనా పెట్టండి అన్నారు. మృత్యువును గద్దించిన ప్రభువే ఒక ఆడపిల్ల ఆకలిని గుర్తుచేశారు!

మన శరీరం పవిత్రాత్మకు ఆలయమని, ఆ శరీరంతోనే దేవుని మహిమపరచాలని పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 6వ అధ్యాయంలో బోధించారు. ఈ మాటను మనం ఎక్కువగా సారాయికీ పొగాకుకూ వ్యతిరేకంగా వాడుతుంటాం. అది న్యాయమే. 1992లో మన నెల్లూరు సీమలోని దూబగుంట స్త్రీలు సారాయిపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. బిడ్డల నోటి ముద్ద సారా దుకాణానికి పోకూడదన్నదే ఆ తల్లుల పట్టుదల. అయితే బిడ్డల ముద్ద కోసం పోరాడిన తల్లి, తన ముద్ద సంగతి అడిగిందా?

మన కోట ప్రాంతపు ఇళ్ళలో చేపల పులుసు వండిన రోజును తలచుకోండి. ముక్కలు మొదట భర్తకు, తర్వాత కొడుకులకు. ఆ పైన ఆడపిల్లకు. చివరికి తల్లి చట్టి అడుగున మిగిలిన పులుసు కలుపుకొని తింటుంది. అడిగితే, ‘నాకు ఆకలి లేదులే’ అంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, కాన్పులో ప్రాణాపాయం: వీటి వెనుక తరచుగా ఉన్నది ఈ రక్తహీనతే.

‘త్యాగం పుణ్యం కాదా ఫాదర్?’ అని మీరు అడగవచ్చు. పుణ్యమే. కానీ ఉపవాసం మనం మనసారా ఎంచుకొనేది. ఏడాది పొడవునా మిగలకపోవడం ఆ తల్లి ఎంచుకొన్నది కాదు, మనం అలవాటు చేసినది. శ్రీసభ చట్టం కూడా ఉపవాస నియమాన్ని 18 ఏళ్ళు నిండినవారి నుండి 59 నిండేవారి వరకే విధించింది. రోగులకు, గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు మినహాయింపు ఉంది. శరీరం చెడుశక్తి సృష్టి అన్న మనిచీయుల వాదాన్ని పునీత థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే ఖండించారు. శరీరం దేవుడు చేసినది, దేవుని సేవకు ఇచ్చినది. కనుక దానిని ప్రేమించాలని ఆయన బోధ.

ఇక ఆచరణకు వద్దాం. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోండి, తల్లికీ కూతురికీ ముక్కలు ముందే తీసి ఉంచండి. తోటకూర, మునగాకు, చిన్న చేపలు ఖరీదైనవి కావు. ఆకుకూరపై నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. నీరసం ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించి, ఇచ్చిన ఇనుము మాత్రలు మానకుండా వాడాలి. మగవారికీ ఒక మాట: ఉప్పు రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక. ఎండుచేప, ఊరగాయ తినేటప్పుడు అది గుర్తుంచుకోండి.

దివ్యబలిపూజలో తండ్రికీ తల్లికీ కొడుకుకూ కూతురికీ ఒకే ప్రభువు, ఒకే అప్పం. అక్కడ ఎవరికీ మిగిలినది పెట్టరు. ఆదివారం ఆ బల్ల దగ్గర నేర్చుకొన్న మర్యాదను సోమవారం మన వంటింట్లో పాటిద్దాం. యాయీరు ఇంటివారికి ప్రభువు చెప్పిన మాట మన ఇంటివారికీ చెప్పినదే.

ప్రభువు మీ ఇంటి భోజనాన్ని ఆశీర్వదించునుగాక. ఆమెన్.