పొయ్యి చేసే హింస

గృహస్థుడి ఇంట్లో ఐదు వధస్థానాలు ఉన్నాయంటుంది మనుస్మృతి: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటిని వాడినంతకాలం పురుగో పుట్రో చస్తూనే ఉంటుంది. చంపాలని ఎవరూ అనుకోరు, అలాగని వండకుండా, ఊడవకుండా బతకడమూ కుదరదు. అందుకే ఆ దోషానికి శిక్ష వేయకుండా, పంచమహాయజ్ఞాలను రోజువారీ ప్రాయశ్చిత్తంగా విధించారు. మనుస్మృతితో తగాదా పడటానికి కారణాలు బోలెడున్నాయి కానీ, ఈ ఒక్క ఊహను పారేయడానికి నాకు మనసొప్పదు. కావాలని చేయనివాడు పాపాత్ముడు కాడు, అయినా అతని లెక్క తీరలేదు అని రెండూ ఒకేసారి చెప్పగలగడం నీతి చర్చలో అరుదు. తెలియక జరిగే హానికి గృహస్థుడు బాకీపడేది విడవకుండా చూపే శ్రద్ధ అని నా వాదన. పొయ్యికి దగ్గరి చుట్టమైన పొగగొట్టం దగ్గర దాన్ని పరీక్షించి చూడవచ్చు.

అమెరికా, కెనడాల్లో ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో కట్టిన చాలా ఇళ్లలో గ్యాస్ ఫర్నేస్ పొగను, వాటర్ హీటర్ పొగను పైకప్పు దాటించే గొట్టం ఆస్బెస్టాస్ సిమెంటుది. జాన్స్-మాన్విల్ కంపెనీ పెట్టిన ‘ట్రాన్సైట్’ అన్న పేరు అక్కడ ఆ రకం గొట్టాలన్నిటికీ స్థిరపడిపోయింది. తేలిక, చవక, నిప్పుకు లొంగదు. కానీ నీటికి లొంగుతుంది. గ్యాస్ మండితే ఆవిరి పుడుతుంది, గొట్టం చల్లగా ఉంటే అది లోపలి గోడకు చెమ్మగా పడుతుంది, ఆమ్లగుణమున్న ఆ చెమ్మ సిమెంటును తినేస్తుంది. లోపలి భాగం పొరలు పొరలుగా ఊడి కింది వంపులో పేరుకుంటుంది. పాత ఫర్నేస్ తీసేసి, పక్కగోడలోంచి ప్లాస్టిక్ గొట్టంతో పొగ వదిలే కొత్తది బిగించిన ఇళ్లలో పరిస్థితి మరీ అన్యాయం. రెండింటి కోసం వేసిన లావు గొట్టానికి వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. దాని కాస్త వేడికి గొట్టం వేడెక్కదు, చెమ్మ ఇంకా పెరుగుతుంది. దారి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే మళ్లుతుంది. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం వస్తే ఏ ఫ్లూ జ్వరమో అనుకుని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు.

చెక్కుచెదరని ఆస్బెస్టాస్‌ను కదపవద్దు, కదిపితేనే పోగులు గాలిలో కలుస్తాయి అని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెబుతుంది కదా, మరి ఊరుకోవడమే అహింస కాదా అని అడగవచ్చు. ప్రశ్న బలమైనదే. గోడకు కొట్టిన రేకు విషయంలో దానికి నా దగ్గర జవాబు లేదు. పొగగొట్టం సంగతి వేరు, దాని పనే దాన్ని కదుపుతోంది. బయటికి బూడిదరంగులో దిట్టంగా కనబడుతూనే లోపల చలికాలం చలికాలానికీ అరుగుతుంది. భయపడి సుత్తి పట్టుకుని తనే పగలగొట్టేవాడు ఊరుకున్నవాడికంటే ఎక్కువ హాని చేస్తాడు, అదీ నిజమే. జైనుల తత్త్వార్థసూత్రం హింసను ఏమరుపాటుతో ముడిపెట్టి నిర్వచించింది. ఆ కొలత ప్రకారం వీళ్లిద్దరూ దొరికిపోతారు.

ఇంకో అభ్యంతరం కర్మసిద్ధాంతం వైపునుంచి వస్తుంది. చేసినవాడు అనుభవిస్తాడు, మధ్యలో ఇల్లు కొన్నవాడికేం బాధ్యత? చేసినవాళ్లకు తెలుసు కూడా. ఆస్బెస్టాస్ దుమ్ము కార్మికుల ఊపిరితిత్తులను పాడుచేస్తోందని 1930లోనే బ్రిటన్‌లో మెరివెదర్, ప్రైస్‌ల నివేదిక తేల్చింది. ఆ దశాబ్దంలోనే అమెరికా కంపెనీల పెద్దలు సంగతి బయటికి పొక్కకుంటేనే మేలని ఉత్తరాలు రాసుకున్నారు, అవి తర్వాత కోర్టులకెక్కాయి. దావాల తాకిడికి 1982లో జాన్స్-మాన్విల్ దివాలా పిటిషన్ వేసింది. వాళ్ల దోషం వాళ్లదే, దాన్ని ఎవరూ తగ్గించనక్కర్లేదు. అయితే ఈ పదార్థం కర్మసిద్ధాంతాన్ని సగమే బలపరుస్తుంది. మీసోథెలియోమా అనే క్యాన్సర్ సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. ఫలం ఎప్పటికో పండుతుందన్న మాట దీనికి అచ్చంగా సరిపోతుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భర్త బట్టలు ఉతికిన ఇల్లాళ్లకు కూడా ఆ జబ్బు వచ్చింది. కర్త ఒకరై భోక్త మరొకరైన చోట ఎవరి కర్మ వారిదని చెప్పి తప్పుకోవడానికి సిద్ధాంతం ఆసరా ఇవ్వదు.

ఇంత శ్రద్ధ పేదవాడికి సాధ్యమా అంటే, గొట్టం మార్పించడం ఖరీదే. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం, ఏటా తెలిసినవాడి చేత పొగదారి చూపించడం అంత ఖరీదు కాదు. కోయడానికి వచ్చిన పనివాడికి అది ఏ గొట్టమో ముందే చెప్పడానికి అసలు ఖర్చే లేదు. అమ్మకం దగ్గరే మాట తడబడుతుంది. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం రంగు ఉన్నట్టు తెలిస్తే కొనేవాడికి చెప్పి తీరాలని అమెరికాలో ఫెడరల్ చట్టం ఉంది; ఆస్బెస్టాస్‌కు అలాంటి ఫెడరల్ నియమం లేదు, రాష్ట్రానికో తీరు. న్యూజెర్సీలో పాత ఇల్లు అమ్ముతున్న తెలుగువాడికైనా ధర తగ్గుతుందన్న బెంగ సహజమే. కానీ తెలియనంతవరకే అది పొయ్యి చేసిన హింస. తెలిశాక నోరు మూసుకుని అమ్మితే, ఆ గొట్టం కింద పాలు పొంగించి గృహప్రవేశం చేసుకునేవాళ్లకు జరిగేదాన్ని పొయ్యి ఖాతాలో రాయలేం.