పాత పెట్టె, కొత్త ధ్వని

చొప్పదండి వంటి చిన్న పట్టణాల్లో డీవీడీల కాలంలో కొన్న హోం థియేటర్ మొరాయించినప్పుడు, కొత్తది కొనే స్తోమత లేని గృహస్థు భాగాలనే మారుస్తాడు. బేస్ స్పీకర్‌లో కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలు తగిలితేనే పొడిగా రాలుతుంటే కొత్త రింగు అతికించి, టీవీ ఆప్టికల్ తీగలో వచ్చే వెలుగు సంకేతాన్ని పాత యాంప్లిఫయర్ అందుకోగల విద్యుత్ తరంగంగా మార్చే చిన్న కన్వర్టర్‌ను తగిలిస్తాడు. ఇన్ని మారాక మిగిలింది పాత సెట్టేనా అన్నది భారతీయ దర్శనాలు ఏనాడో తర్కించిన ప్రశ్న.

వైశేషికుల మతంలో అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం, ఆ భాగాలకంటే వేరైన ద్రవ్యం; వస్త్రం నుంచి ఒక్క పోగు లాగినా పాత వస్త్రం నశించి కొత్తది పుడుతుంది. ఈ లెక్కన రింగు ఒక్కటి మార్చినా సెట్టు కొత్తదే (జేబుకు ఇంతకంటే అనుకూలమైన దర్శనం లేదు). బౌద్ధగ్రంథం 'మిలిందపన్హ'లో నాగసేన భిక్షువు మాత్రం రథమనేది చక్రాలు, ఇరుసు మొదలైనవాటి కూడికకు పెట్టిన వ్యవహారనామమే అంటాడు. ధూళికట్టలో శాతవాహనుల నాటి బౌద్ధస్తూపం వెలసిన చొప్పదండి ప్రాంతానికి ఆ వాదం పరాయిదేమీ కాదు.

చెవి సంగతి వేరు. తెలుగువాడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో శబ్దాన్ని చెవితో గ్రహించే గుణంగా, ఆకాశానికి చెందినదిగా నిర్వచించాడు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల దృష్టిలో పుట్టిన వెంటనే నశించే ఆ గుణానికి పాతబడే వ్యవధే ఉండదు; పాతబడేది దాన్ని పుట్టించే భాగమే కనుక, ఖర్చు మొదట పెట్టవలసింది ఫోమ్ రింగు మీదనే.