మాలకూ మాత్రకూ పేచీ లేదు

కార్తీకం వస్తోంది. అయ్యప్ప మాలధారణకు గుళ్ళలో సందడి మొదలవుతుంది. దాంతోపాటే ఏటా వినబడే ఒక మాట కూడా మొదలవుతుంది: "మాల వేసుకున్నాక మాత్రలెందుకు స్వామీ, అంతా ఆయనే చూసుకుంటాడు." బీపీ, షుగరు మాత్రల విషయంలో ఇలా అనడానికి ఇప్పుడు కాస్త జంకుతున్నారు. మనసుకు వాడే మాత్రల విషయంలో ఆ జంకు కూడా లేదు. వినేవాడు అప్పటికే ఆ మాత్ర వాడుతున్నందుకు లోలోపల సిగ్గుపడుతుంటాడు. ఆ ఒక్క మాటతో మందుల చీటీ బీరువాలోకి పోతుంది.

తరవాత జరిగేది చెబుతాను. డిప్రెషన్‌కు ఇచ్చే ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు హఠాత్తుగా ఆపితే చాలామందికి కొద్ది రోజుల్లోనే కళ్ళు తిరుగుతాయి. వికారం, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు, పీడకలలు, అకారణంగా కోపం, ఏడుపు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసి కూర్చున్న ఆ స్వామి అవస్థ చూసి "అయ్యప్ప పరీక్ష పెడుతున్నాడు, ఓర్చుకో" అంటారు పక్కవాళ్ళు. మందు ఒక్కసారిగా మానేసినందుకు కలిగిన బాధను దేవుడి పేరున రాయడం నాకు మింగుడుపడదు. ఆ బాధ క్రమంగా తగ్గినా, జబ్బు తిరగబెట్టే ప్రమాదం అలాగే ఉంటుంది.

యుద్ధకాండ విననివాళ్ళు మనలో లేరు. లక్ష్మణుడు నేలకొరిగితే పక్కన సాక్షాత్తూ రాముడే ఉన్నాడు. అయినా ప్రాణం ఉందని చూసి చెప్పిందీ, ఏ కొండ మీద ఏ మూలికలున్నాయో వివరించిందీ వైద్యుడైన సుషేణుడు. హనుమంతుడంతటివాడు అక్కడికి వెళ్ళి, మూలికను పోల్చుకోలేక, కొండనే తెచ్చి వైద్యుడి ముందు పెట్టాడు. తనకు తోచిన ఆకు ఏదో కోసుకు రాలేదు. పక్కింటాయనకు పనిచేసిందని అదే మాత్ర కొనుక్కుని వేసుకునేవాళ్ళు ఈ ఘట్టం ఇంకోసారి చదవాలి.

41 రోజుల దీక్షకు ఓపిక పట్టేవాళ్ళం, మందు దగ్గర పది రోజులకే విసిగిపోతాం. ఈ మందుల గుణం కొద్దిగా కనబడడానికి 2 వారాలు, బాగా తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మనసు కుదుటపడ్డాక కూడా కనీసం 6 నెలలు వాడమంటారు. మానాలన్నప్పుడు డాక్టరే మోతాదును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. వాడడం మొదలుపెట్టిన తొలి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్ళలోపు పిల్లల్లో, చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి, అలాంటి మాట వినబడితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

ఒంటిపూట భోజనం అడ్డమేమీ కాదు. పైన చెప్పిన రెండు మందులూ తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. పూజ వేళకే మాత్ర వేసుకుంటే మరపు ఉండదు. ఒకవేళ మరిచినా మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. క్యాప్సూల్ పైపొరలో జంతు పదార్థం ఉంటుందేమోనన్న శంక ఉంటే, మానేయకుండా డాక్టరును అడగండి, బిళ్ళ రూపంలో దొరికేది చూస్తారు. కొండెక్కి కాళ్ళు లాగుతున్నాయని దుకాణంలో నొప్పి బిళ్ళ అడిగి తీసుకోవడం మాత్రం వద్దు. డిప్రెషన్ మందులతో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ కలిస్తే ఇంకా వేరే ప్రమాదం.

శబరిమల ఉన్న కేరళలోనే ఆరోగ్య శాఖ, రోజూ వాడే మందులు వ్రతకాలంలో ఆపవద్దనీ, మందులూ చీటీలూ వెంట తెచ్చుకోమనీ యాత్రికులకు చెబుతోంది. మనం అంతకన్నా నిష్ఠాపరులమా?

గురుస్వాములకు నాదొక మనవి. మెడలో మాల వేసే ముందు "ఏం మందులు వాడుతున్నారు స్వామీ" అని అడగండి. నలుగురిలో వద్దు, పక్కకు పిలిచి అడగండి. డాక్టరు దాకా వెళ్ళలేనివాళ్ళకు 14416 నంబరు రాసివ్వండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు అడగరు.