కొండ మీది కబురు

క్రిస్మస్ నాడు తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే, అమెరికాలోని నాష్‌విల్‌లో ఫిస్క్ విశ్వవిద్యాలయం విద్యార్థులు గుంపుగా బయల్దేరేవారు. ఒక్కో భవనం ముందూ ఆగి పాడేవారు. పండగొచ్చిందన్న సంగతి నిద్రలో ఉన్నవాళ్లకి ఆ పాటే చెప్పేది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో జాన్ వెస్లీ వర్క్ జూనియర్ ఈ ఆనవాయితీని నడిపించాడని చెబుతారు. ఆయన లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పే అధ్యాపకుడు. మనసు మాత్రం బానిసలు పాడుకున్న పాటల మీదే. ఆ చలిలో విద్యార్థులు పాడుకుంటూ తిరిగిన పాట 'గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్'. ఇవాళ అది దేశదేశాల చర్చిల్లో వినిపిస్తుంది.

డిసెంబరు రాత్రుల్లో ఇంటింటికీ తిరిగే కేరల్స్ బృందాలు తెలుగు ఊళ్లకి కొత్తేమీ కాదు. అయినా ఈ పాట తీరు వేరు. పేరుపడ్డ క్రిస్మస్ పాటల్లో చాలావాటికి జోలపాట గుణం ఉంటుంది: పశువుల తొట్టి, పసిబిడ్డ, సద్దుమణిగిన రాత్రి. ఇందులో నిద్రపుచ్చడం లేదు, లేపడమే ఉంది. పల్లవి మొత్తం ఒక పురమాయింపు. వెళ్లు, కొండెక్కు, అందరికీ వినబడేలా చెప్పు.

ఈ పురమాయింపు ఎవరి నోట పుట్టిందన్నదే అసలు సంగతి. పొలిమేర దాటాలంటే దొర రాసిచ్చిన చీటీ చేతిలో ఉండాల్సిన మనుషులు వాళ్లు. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస బోధకుడు తిరుగుబాటు లేవదీశాక దక్షిణాది రాష్ట్రాలు చట్టాలను మరింత బిగించాయి. తెల్లవాడి కాపలా లేకుండా నల్లవాళ్లు ప్రార్థనకి కూడడం, బోధించడం, అక్షరాలు నేర్చుకోవడం చాలాచోట్ల నేరమైంది. దాంతో ఆరాధన అడవిలోకి పోయింది. పొద్దుగూకాక, చెట్ల మధ్య, గొంతు బయటికి పొక్కకుండా ఇనప కుండ బోర్లించుకుని ప్రార్థించేవాళ్లమని విముక్తులైన ముసలివాళ్లు తరవాత గుర్తుచేసుకున్నారు. కుండ శబ్దాన్ని పట్టేస్తుందని వాళ్ల నమ్మకం. నిజంగా పట్టేదో లేదో గానీ, కుండ కింద దాచుకున్న గొంతే కొండ మీదికెక్కాలని కలగంది.

మరో విచిత్రం ఉంది. స్పిరిచువల్స్ అని పిలిచే ఈ బానిసల భక్తిగీతాల్లో మోషే మీద, సిలువ మీద, యొర్దాను నది మీద ఎన్నో పాటలున్నాయి. క్రిస్మస్ పాటలు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఎందుకో తెలియాలంటే బానిసలు పనిచేసిన తోటల్లో క్రిస్మస్ ఎలా గడిచేదో చూడాలి. ఒకప్పుడు బానిసగా బతికిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చయిన తన ఆత్మకథలో ఈ సంగతి దాచకుండా రాశాడు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవు. ఆ రోజుల్లో బానిసలు తాగి తూలుతుంటే దొరలకి సంతోషం. తాగనివాణ్ణి చిన్నచూపు చూసేవారు. స్వేచ్ఛంటే ఇంతే కాబోలని రోత పుట్టించడానికే ఈ ఏర్పాటని డగ్లస్ నిర్ధారణ. ఆ వారం గడిస్తే జనవరి 1. ఎవరిని ఏ తోటకి కౌలుకివ్వాలో, ఎవరిని అమ్మాలో తేలే రోజు. ఆ ముందు రాత్రి బిడ్డల్ని చుట్టూ పెట్టుకుని, తెల్లారితే ఎవరు మిగులుతారోనని కూర్చున్న తల్లిని, తనూ బానిసగా బతికిన హేరియట్ జేకబ్స్ తన 1861 నాటి పుస్తకంలో చూపించింది. అలాంటి పండక్కి పాట కట్టడం తేలిక కాదు.

బహుశా అందుకేనేమో, ఈ పాటకి కొన్ని పుస్తకాల్లో కనిపించే మరో చరణాల వరసలో పశువుల పాక ఊసే లేదు. రాత్రింబవళ్లు దేవుణ్ణి వెతికినవాడు, ఊరి గోడ మీద కావలి నిలిచినవాడు అందులో కనిపిస్తారు. ఆ వెతుకులాట ఉత్త కవిత్వమనుకుంటే పొరపాటు. దక్షిణ కరొలైనా, జార్జియా తీరంలోని దీవుల్లో నల్లజాతి పిల్లలు సంఘంలో చేరే ముందు రాత్రిళ్లు ఒంటరిగా అడవికెళ్లి ప్రార్థించేవారు. వచ్చిన కలని పెద్దలకి చెప్పి, వాళ్లు సరేనన్నాకే బాప్తిస్మం. ఈ ఆచారాన్ని అక్కడ 'వెతకడం' అనే అనేవారు. గొర్రెల కాపరులు, దూతల వెలుగు ఉన్న క్రిస్మస్ చరణాలు మరో వరస. వాటిని చాలా కీర్తనల పుస్తకాలు వర్క్ పేరు మీద వేస్తాయి. పల్లవికి మాత్రం కర్త పేరుండదు.

బానిసల పాటలు బయటి లోకానికి చేరిన దారి కూడా ఫిస్క్ నుంచే మొదలైంది. 1866లో సైన్యం వదిలేసిన బారకాసుల్లో తెరిచిన ఆ బడి అయిదేళ్లకే అప్పుల్లో మునిగింది. కోశాధికారి జార్జ్ వైట్ 1871 అక్టోబరులో తొమ్మిదిమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని పాట కచేరీలతో డబ్బు సమకూర్చడానికి బయల్దేరాడు. వాళ్లలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్లు. తెల్లవాళ్లకి తెలిసిన పాటలే ముందు పాడారు. తల్లిదండ్రుల పాటలు సభలో పాడటానికి మనసొప్పలేదు. అవి పవిత్రమైనవి, పైగా చీకటి రోజుల గుర్తులు అని ఆ బృందంలోని ఎల్లా షెపర్డ్ తరవాత వివరించింది. మెల్లగా గొంతు విప్పారు. 1873లో విక్టోరియా రాణి ముందు కూడా పాడారు. జూబిలీ సింగర్స్ అన్న పేరు లేవీయకాండంలోని సునాద సంవత్సరం నుంచి తీసుకున్నది. బాకా ఊది దేశమంతటా విడుదల చాటే ఏడు అది. చాటడమన్నది పేరులోనే ఉంది.

ఇక్కడో చిక్కు ప్రశ్న. గొలుసులు వేసినవాడి దేవుణ్ణే గొలుసులు మోసినవాళ్లు ఎందుకు కొలిచారు?

1935-36లో నల్లజాతి వేదాంతి హోవర్డ్ థర్మన్ ఇండియా, బర్మా, సిలోన్ పర్యటనకి వచ్చినప్పుడు కొలంబోలో ఒక న్యాయవాది ఈ ప్రశ్నని ముఖాన్నే అడిగాడు. మీవాళ్లని బానిసలు చేసింది క్రైస్తవులు, మిమ్మల్ని ఎక్కించుకున్న ఓడ పేరే 'జీసస్', మీరేమో ఆ మతం తరఫున వచ్చారు, ఇది ద్రోహం కాదా అన్నది దాని సారం. ఓడ సంగతి కల్పన కాదు. ఇంగ్లండు నావికుడు జాన్ హాకిన్స్ 1564లో బానిసల వ్యాపారానికి తీసుకెళ్లిన నౌక పేరు 'జీసస్ ఆఫ్ ల్యూబెక్'. అది ఎలిజబెత్ రాణి సొంత ఓడ. 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీ కూడా దాదాపు ఇదే అడిగాడు: బానిసలు ముస్లింలెందుకు కాలేదు? చివర్లో మాత్రం సిలువ మీది స్పిరిచువల్ ఒకటి పాడమని కోరాడు. వచ్చినవాళ్లు పాడారు.

థర్మన్ దగ్గరున్న బలమైన జవాబు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, అమ్మమ్మ నుంచి వచ్చింది. నాన్సీ ఆంబ్రోస్ బానిసగా పుట్టింది, చదువు రాదు. మనవడు బైబిలు చదివి వినిపించేవాడు గానీ, పౌలు పత్రికలు మాత్రం చదవనిచ్చేది కాదు, ఒకే ఒక్క ప్రేమ అధ్యాయం తప్ప. పెద్దయ్యాక కారణమడిగాడు. దొర పిలిపించిన పాస్టరు ఎప్పుడొచ్చినా, దాసులు యజమానులకి లోబడాలన్న పౌలు మాటే ఎత్తుకునేవాడట. విముక్తి దొరికితే ఆ భాగం జన్మలో ముట్టనని అప్పుడే ఒట్టేసుకుందట. అదే ఆమె, ఒక బానిస బోధకుడు వచ్చి 'మీరు బానిసలు కారు, దేవుని బిడ్డలు' అన్న రోజుల్ని తలచుకుంటే వెన్ను నిటారుగా చేసుకునేదని థర్మన్ రాశాడు. అక్షరం రాని మనిషి గ్రంథాన్ని జల్లెడపట్టింది. అరువు తెచ్చుకున్న మతం ఇలా ఉండదు. అందులో ఏది దేవుడి మాటో, ఏది దొర మాటో తేల్చుకునే హక్కు ఆమె ఎవరినీ అడగలేదు.

దొరల పక్షం కూడా జల్లెడపట్టింది, మరోలా. కరీబియన్ దీవుల్లోని బ్రిటిష్ తోటల్లో బానిసల కోసమని 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చువేశారు. 1,189 అధ్యాయాల్లో 232 మాత్రమే ఉంచారు. యోసేపు అమ్ముడుపోయి బానిసవడం ఉంది. మోషే ఇశ్రాయేలీయుల్ని నడిపించుకుపోవడం లేదు. దాసుడని స్వతంత్రుడని తేడా లేదన్న గలతీయుల పత్రిక మాట లేదు. దాసులు లోబడాలన్న ఎఫెసీయుల పత్రిక మాట ఉంది. నేటికి మిగిలిన అతి కొద్ది ప్రతుల్లో ఒకటి ఫిస్క్ విశ్వవిద్యాలయంలోనే ఉంది.

కత్తిరించిన మోషే తిరిగి ఈ క్రిస్మస్ పాటలోకే వచ్చి చేరాడు. మిసిసిపీకి చెందిన ఫానీ లూ హేమర్ ఒక తోటలో పత్తి కూలీ, పని లెక్కలు రాసే మనిషి. 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకి మరో పదిహేడుమందితో బస్సెక్కి ఇండియనోలా వెళ్లింది. తిరుగుదారిలో పోలీసులు బస్సాపారు. బస్సు మరీ పసుపు రంగులో, బడి బస్సులా ఉందన్నది నేరం. బస్సులో అందరికీ గుండె జారింది. ఆమె చర్చి పాటలు అందుకుంది. ఆ రాత్రే తోట యజమాని, పద్దెనిమిదేళ్లు పనిచేసిన చోటు నుంచి ఆమెను వెళ్లగొట్టాడు. ఆ తరవాత ఊరూరా తిరుగుతూ ఆమె ఈ పాటని పాడిన తీరులో, యేసు పుట్టాడన్న కబురున్న చోట మోషే ఫరోతో అన్న మాట వచ్చి కూర్చుంది, నా జనాన్ని వదిలిపెట్టమని.

1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో డెమోక్రాటిక్ పార్టీ మహాసభ జరిగింది. హేమర్ ఉన్న మిసిసిపీ నల్లవాళ్ల ప్రతినిధి బృందాన్ని గుర్తించకుండా, రెండంటే రెండు సీట్లు ఇవ్వజూపితే వాళ్లు వద్దన్నారు. ఆ రోజుల్లో సభాస్థలి బయట, సముద్రపు ఒడ్డున చెక్కల బాట మీద నిలబడి హేమర్ ఈ పాటే ఎత్తుకుంది. ఆమె పెరిగిన మిసిసిపీ డెల్టా అంతా చదును నేల. అట్లాంటిక్ సిటీలోనూ కనుచూపు మేరలో కొండ లేదు.