విపత్తునకు ముందటి దాసోహము

శరణధర్మమునకు కాయక దాసోహములు రెండు కన్నులు. చెమటోడ్చి న్యాయముగా ఆర్జించుట కాయకము. ఆర్జించినదానిని తన అవసరమునకు మించి దాచక, వినయముతో జంగమమునకును సమాజమునకును సమర్పించుట దాసోహము. ఇది వీరశైవ గృహములందు బాలురకు సైతము తెలిసిన విషయమే. అయితే ఈ సూత్రమును ప్రజాధనమునకు అన్వయించి చూచునప్పుడు ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. వచ్చునో రాదో తెలియని ఆపదకై ముందుగా ధనము వెచ్చించుట ధర్మమా? ఎదుట నిలిచిన ఆర్తునకు ఇచ్చుటయే ధర్మమా?

రసాయన కర్మాగారముల చెంత నివసించు జనులకు ఇది ప్రాణసమస్య. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలు నగరమున మిథైల్ ఐసోసయనేటు అను విషవాయువు వెలువడి వేలాది జనులను బలిగొన్నది. అది ఏ వాయువో, దానికి ఏ చికిత్స చేయవలెనో అచటి వైద్యులకు ముందుగా తెలిపినవారు లేరు. తడిగుడ్డ ముఖమునకు అడ్డుపెట్టుకొనుడని పేదల పేటలకు నేర్పినవారును లేరు. 1989లో సుప్రీంకోర్టు ఎదుట 47 కోట్ల డాలర్ల పరిహారమునకు ఒడంబడిక కుదిరినది. ధనము వచ్చినది గాని పోయిన ప్రాణములు రాలేదు.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణపు ఆర్.ఆర్. వెంకటాపురమున స్టైరీను ఆవిరి వ్యాపించి 12 మంది మరణించిరి. కర్మాగారమున సైరను మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము తేల్చినది. మృతుల కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయల వంతున పరిహారమిచ్చినది. ఇచ్చుట మంచిదే. అయినను సకాలమున మ్రోగిన ఒక సైరను, ఏ దిక్కునకు పోవలెనో ముందే ఎఱిగిన ఒక వీథి, ఆ కోట్లు చేయజాలని పని చేసియుండెడివి.

చట్టము లేకపోలేదు. రసాయన ప్రమాదములను గూర్చి 1996లో భారత ప్రభుత్వము నియమములు చేసినది. పారిశ్రామిక ప్రాంతములందు స్థానిక సంఘములు ఏర్పడవలెను. వానియందు ఫాక్టరీల ఇన్‌స్పెక్టరు, అగ్నిమాపక, పోలీసు అధికారులు, వైద్యులు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు ఉండవలెను. ఆరునెలలకొకసారి మాక్ డ్రిల్ జరుపవలెను. విధులు ఇట్లు వివరింపబడినవి గాని వానిని నెరవేర్చుటకు ప్రత్యేక నిధి ఆ నియమములందు ఏర్పాటు కాలేదు. 2021-26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము సూచించిన రాష్ట్ర విపత్తు నిధుల పంపకమును చూచినను, నూటికి 40 వంతులు తక్షణ సహాయమునకు, 30 వంతులు పునర్నిర్మాణమునకు, 20 వంతులు ప్రమాద తీవ్రతను తగ్గించు పనులకు, 10 వంతులు సన్నద్ధతకు లభించినవి. తుపాను, కరవు, వరద, భూకంపము మున్నగునవి చేరిన ఆ సహాయనిధి జాబితాలో విషవాయు ప్రమాదమునకు చోటు దక్కలేదు.

ఇట్లేల జరుగుచున్నది? సహాయమిచ్చునప్పుడు పుచ్చుకొనువాని ముఖము కనబడును. కన్నీరు కనబడును. ఇచ్చినవారి పేరు నలుగురి నోట మెలగును. ముందుగా కొన్న ప్రాణవాయు యంత్రమునకు, శిక్షణ పొందిన అగ్నిమాపక భటునికి అట్టి కీర్తి లేదు. ఆపద తప్పినచో, తప్పినదని ఎవరును ఎఱుగరు. రక్షింపబడినవాడు తాను రక్షింపబడితినని సైతము తలపడు.

సరిగా ఇచ్చటనే బసవన్న బోధ దారి చూపుచున్నది. దానమునకును దాసోహమునకును భేదమేమి? దానమందు ‘నేనిచ్చితిని’ అను అహంకారము దాగియుండవచ్చును. దాసోహమందు ఇచ్చువాడే దాసుడు. ఆ కొలతతో చూచినచో, కృతజ్ఞత చెప్పువాడు కూడ లేని ముందుజాగ్రత్తయే అచ్చమైన దాసోహమని చెప్పవలసియుండును.

శరణులు రేపటికి దాచుటను నిరసించిరి గదా యని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినప్పుడు లక్కమ్మ అంగీకరింపక తిరిగి ఇచ్చి రమ్మని పంపిన కథ ప్రసిద్ధము. అయితే ఆమె నిరసించినది తన యింటికై కూడబెట్టు ఆశను. పొరుగువాని ప్రాణమునకై సిద్ధము చేసినది ఆశ కాదు. ముందుగా తీర్చిన ఋణము. శివుడు కాపాడునని చేతులు ముడుచుకొని కూర్చుండుట భక్తియు కాదు. కాయకమును కైలాసమని నమ్మినవారికి కాపాడు పని కూడ కాయకమే.

ఈ భారమును ఎవరు వహింపవలెను? పొరుగువారిని ప్రమాదమున ఉంచి గడించు లాభము, వారి రక్షణకగు వ్యయమును చెల్లించువఱకు శుద్ధకాయకము కానేరదు. కావున మొదటి భారము యజమానులది. కాని ప్రజలకును వంతు కలదు. పురపాలక సంఘము త్రాగునీటిని శుద్ధిచేయు క్లోరిను, చేపలను నిలువచేయు శీతల గిడ్డంగులలోని అమోనియా అందఱి కొఱకే గదా! ఫలము అందఱిదైనప్పుడు ప్రమాదము మాత్రము కర్మాగారపు గోడప్రక్క గుడిసెవానిది కారాదు.

బసవన్న బిజ్జలుని భాండాగారమును నిర్వహించినవాడు. ధనము పాడుచేసెనని కొందఱు కొండెములు చెప్పగా, లెక్క చూచినప్పుడు కొదువ కనబడలేదని బసవపురాణ కథ. రక్షణకై కేటాయించిన ధనమునకు సైతము అట్టి లెక్క ఉండవలెను. ఎన్ని డ్రిల్లులు జరిగినవి, సైరను పనిచేయుచున్నదా, ఆసుపత్రియందు మందులున్నవా యని గ్రామసభలో అడుగుట పౌరుల విధి. స్థానిక సంఘములందు స్వచ్ఛంద సంస్థలకు చోటు కలదు గనుక మఠములు ఆ విధిలో పాలుపంచుకొనవచ్చును. విశాలమైన మఠప్రాంగణము సురక్షితమైన దిక్కున ఉన్నచో అది ఆపన్నులకు ఆశ్రయమని ముందుగా నిర్ణయించి, త్రోవను ఊరివారికి తెలిపి యుంచవచ్చును.

అన్నదానమునకు ముందు పొయ్యి వెలుగవలెను, ఎసరు కాగవలెను. ఆకలిగొన్నవాడు వాకిట నిలిచిన పిమ్మట వడ్లు దంచుట దాసోహము కాదు.