పరుగు చాలనివాని చూపు

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమునందు ఇరువురు నాట్యాచార్యులు తమలో ఎవరు మిన్నయని కలహించి రాజు నెదుట నిలిచినప్పుడు, తీర్పరిగా కూర్చున్న పరివ్రాజిక కౌశికిచేత కవి ఒక చక్కని విచక్షణ చేయించినాడు. తాను చేసి చూపుటయందు నేర్పరి యొకడు, ఒరునకు నేర్పుటయందు నేర్పరి మరియొకడు, ఆ రెండు నేర్పులును గలవాడే గురువులకెల్ల ముందు నిలువదగినవాడని ఆమె మాటల సారము. ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల తలయూపుచునే, ఆ విభజనలో చోటు దొరకని మరియొక తెగ గురువులు లోకమున గలరని నాకు తోచుచుండును. చేసి చూపుటలో తమకు గల ఏదో యొక కొరతయే, ఆ కొరతను కప్పుకొనుటకు తాము పడిన పాటే, కాలక్రమమున నేర్పెడి శక్తిగా పరిణమించినవారు వీరు. అట్టివారిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినవాడు అమెరికా దేశమున ఫుట్‌బాల్ ఆడి, పిమ్మట ఇరువదితొమ్మిది సంవత్సరములు ఒకే జట్టుకు కోచ్‌గా నిలిచిన టామ్ లాండ్రీ.

ఈ ఆటను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. మనము ఫుట్‌బాల్ అని పిలుచుదానికిని దీనికిని పేరులో తప్ప పోలిక అల్పము. కోడిగ్రుడ్డు వలె కోలగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుటయు, పాస్ అను పేర దూరముగా విసరుటయు ఇందు ప్రధానము. పదునొకండుగురు గల జట్టు నాలుగు ప్రయత్నములలో పది గజములైనను ముందునకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదుటివారి పాలగును. ఒక్కొక్క ప్రయత్నము కొన్ని సెకండ్లలో ముగియును. అంతట అందరును ఆగి, గుమిగూడి, తరువాత చేయవలసినదానిని నిర్ణయించుకొని, మరల వరుసలు దీరి నిలుతురు. క్రొత్తగా చూచువారికి విసుగు పుట్టించు ఆ విరామములయందే ఈ ఆట ప్రాణమున్నదని నా నమ్మకము. ఎదుటివాడు ఇప్పుడేమి చేయనున్నాడను ప్రశ్న ప్రతి విరామమునను క్రొత్తగా పుట్టుచుండును. దానికి సరియైన సమాధానము ముందుగా తెలిసినవాడు ఒక అడుగు ముందుగానే కదలగలుగును.

లాండ్రీకి ఆ ఒక్క అడుగు ప్రాణావసరమైనది, ఏలయన ఆయన వేగము గలవాడు కాడు. 1924లో టెక్సాస్ రాష్ట్రపు దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దుకు చేరువనున్న మిషన్ అను చిన్న ఊరిలో, మోటారుబండ్లు బాగుచేయు మెకానిక్కు కుమారుడుగా పుట్టి, యుద్ధమును చూచి వచ్చి, టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఆడి, 1949లో న్యూయార్క్ యాంకీస్ అను ఫుట్‌బాల్ జట్టులో చేరి, పాస్‌లను అందుకొనవచ్చు ప్రత్యర్థులను వెంబడించి అడ్డుపడవలసిన డిఫెన్సివ్ బ్యాక్ స్థానమున ఆయన నిలిచెను. కాళ్ల వేగమే ముఖ్యమని అందరును ఎంచు స్థానమది. ఆ సంవత్సరముననే క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టువాడగు మాక్ స్పీడీ ఒక్క ఆటలో ఇన్నూరు గజములకు పైగా పాస్‌లు అందుకొని యాంకీస్ రక్షణను చెల్లాచెదరు చేసినాడు. అట్టి పరాభవమునకు లోనైన యువకుడు పౌరుషము దెచ్చుకొని ఇంకను వడిగా పరుగెత్త యత్నించుట లోకసహజము. లాండ్రీ అట్లు చేయలేదు. తన కాళ్లు ఇంతకు మించి సాగవని నిశ్చయించుకొని, ఎదుటి జట్టు ఏ వరుసలో నిలిచినప్పుడు ఏ వైపునకు పోవునో, ఏ గజమువద్ద నున్నప్పుడు ఏ ఎత్తు వేయునో, దానిని పాఠము వలె చదువుట కారంభించెను. తన హద్దును ఇంత నిశ్చలముగా అంగీకరించిన యువకుని తలచుకొన్నప్పుడు నాకు కలుగునది జాలి కాదు, గౌరవము. పాస్‌లను మధ్యలో చిక్కించుకొనుట ముప్పదిరెండు పర్యాయములు ఆయనకు సాధ్యమైనదన్నచో, అది కాళ్లకన్న ముందుగా కన్ను చేరుటవలన కలిగిన ఫలము.

మరుసటి యేడు ఆయన న్యూయార్క్ జెయింట్స్ జట్టులో చేరెను. 1950 అక్టోబరు మొదటి తేదీన ఆ జట్టు అదే బ్రౌన్స్‌తో క్లీవ్‌లాండున తలపడవలసి యుండెను. కోచ్ స్టీవ్ ఓవెన్ ఒక క్రొత్త రక్షణవ్యూహమును సుద్దముక్కతో పలకపై గీచి, దాని వివరమును ఆటగాండ్రకు బోధించు పనిని ఆ జట్టున అడుగుపెట్టి అట్టే కాలము గడవని లాండ్రీకి వదలినాడు. ఇరువదియారేండ్ల ఆటగాడు లేచి, తన తోడివారికి, తనకన్న వేగవంతులైనవారికి, ఎవడెక్కడ నిలువవలెనో, ఎప్పుడు వెనుకకు తగ్గవలెనో విప్పి చెప్పెను. ఆ ఆటలో బ్రౌన్స్ ఒక్క పాయింటునైనను సంపాదింపలేక 6-0తో ఓడిరి. ఆ జట్టు పుట్టినది మొదలు అట్టి సున్న వారికెన్నడును ఎదురు కాలేదు. ఆటగాడు గురువైన క్షణమేది యని నన్నడిగినచో, తరువాత వచ్చిన పదవులను విడిచి ఈ పలకనే చూపుదును. స్వతస్సిద్ధమైన వేగము గలవానిని నీవెట్లు పరుగెత్తితివని యడిగిన చెప్పలేడు. అతనికది ఊపిరి వంటిది. పట్టి పట్టి నేర్చుకొన్నవానికి తాను నడచిన దారిలోని ప్రతి మలుపును గుర్తుండును, కనుకనే అతడు మరియొకనిని ఆ దారిన నడిపింపగలడు.

1954, 1955 సంవత్సరములలో ఆయన ఒకేసారి ఆటగాడును రక్షణవిభాగపు కోచును అయ్యెను. అంతకుముందే, 1952లో, హ్యూస్టన్ విశ్వవిద్యాలయమునుండి ఇండస్ట్రియల్ ఇంజనీరింగు పట్టమును సంపాదించి యుండెను; ఆ చదువు ఆయన రక్షణశాస్త్రమున అడుగడుగునను కనబడును. బంతి ఎటు పోయిన అటు పరుగెత్తవలెనని రక్షకుని మనస్సు ఉవ్విళ్లూరుట సహజము. ఆ సహజచాపల్యమునే ప్రత్యర్థి వాడుకొనును; బంతిని కుడివైపునకు పోనిచ్చునట్లు నటించి ఎడమకు మరలించును, పరుగెత్తిపోయినవాడు విడిచిన ఖాళీలోనుండి దూసికొనిపోవును. లాండ్రీ తన వారికి విధించిన నియమము వినుటకు సులువు, పాటించుటకు కడు దుష్కరము: నీకిచ్చిన ఖాళీని నీవు కాచుకొనుము, నిశ్చయము కలుగువరకును కదలకుము, నీ పొరుగువాడు తన చోట నిలుచునని నమ్ముము. ముందు వరుసలో నలుగురును, వారి వెనుక ముగ్గురును నిలుచు ఫోర్-త్రీ వ్యూహమును ఆయన ఈ సూత్రముపై తీర్చిదిద్ది, నడుమ సామ్ హఫ్ అను యువకుని నిలిపెను. 1956లో జెయింట్స్ చికాగో బేర్స్‌ను 47-7తో ఓడించి జాతీయ విజేతలైరి. ఆ దినములలో అదే జట్టున దాడివిభాగమునకు కోచ్‌గా నుండినవాడు విన్స్ లొంబార్డీ. గర్జించి, కోపించి, కౌగిలించుకొని ఆటగాండ్రను నడిపిన ఆ మహావేశపరుడును, మాటాడక గీతలు గీచుకొనుచుండిన లాండ్రీయును ఒకే కొలువున కూర్చుండిరనుట ఆ ఆట చరిత్రలోని మనోహరమైన సంగతులలో నొకటి.

కాని, నీ చోట నిలుచుండుమని చెప్పుట ఒక వ్యూహసూత్రము మాత్రమేనా యని నేను చాల కాలము ఆలోచించితిని. ఆటను పలువురు పోరాటముతో పోల్చుదురు. లాండ్రీ నిజముగా యుద్ధమునుండి వచ్చినవాడు. అన్న రాబర్ట్ బి-17 బాంబరు విమానమును ఇంగ్లండునకు చేర్చుచు అట్లాంటిక్ సముద్రముపై గతించినాడు. ఆ పిమ్మట తమ్ముడును విశ్వవిద్యాలయమును విడిచి, అదే తెగ విమానమున సహచోదకుడై జర్మనుల ఫిరంగుల నడుమ ముప్పది పర్యాయములు యుద్ధయాత్ర చేసెను. ఒకసారి ఇంధనము అడుగంటి, విమానము చెట్ల నడుమ నేలకు దిగి రెక్కలు విరిగినను అందరును నడచి వెలికి వచ్చిరి. గుంపుగా ఎగురు బాంబర్లలో ఒకటి భయముచే పంక్తి తప్పినచో తనకును, ప్రక్కవానికిని కూడ ముప్పు తెచ్చును. ఇరువది యేండ్ల ప్రాయమున ఆ పాఠమును గగనతలమున నేర్చినవాడు ఆటస్థలమున మరియొక పాఠము చెప్పగలుగునా? ఆయన ముఖమున జీవితాంతము నిలిచిన ఆ నిశ్చలతను చూచినప్పుడు, అది అక్కడినుండియే వచ్చినదని నా మనస్సు చెప్పును; దీనికి సాక్ష్యము చూపలేను, అయినను నేనట్లే తలంతును.

1960లో డల్లాస్ నగరమున క్రొత్తగా పుట్టిన కౌబాయ్స్ జట్టుకు ఆయన మొదటి కోచ్ అయ్యెను. మొదటి సంవత్సరమున పండ్రెండు ఆటలలో ఒక్కటియు గెలువలేదు. పదునొకండు ఓటములు, ఒక సమానము. నాలుగేండ్లు గడచునప్పటికి గెలుపులు పదుమూడు, ఓటములు ముప్పదియెనిమిది. ఊరివారు ఆయనను తొలగింపుమని కేకలు వేయుచుండగా, యజమాని క్లింట్ మర్చిసన్ 1964లో ఆయన ఒప్పందమును మరి పది సంవత్సరములు పొడిగించినాడు. నమ్మకమనగా ఇట్టిదని నేను వేరొకచోట ఇంత స్పష్టముగా చూచి యెరుగను. 1966 మొదలు 1985 వరకు ఇరువది సంవత్సరములు వరుసగా ఆ జట్టు ఓటములకన్న గెలుపులనే ఎక్కువగా పొందినది. 1972 జనవరిలో మయామీని 24-3తోను, 1978 జనవరిలో డెన్వరును 27-10తోను ఓడించి ఏటి విజేతను తేల్చు తుదిపోటీలగు సూపర్ బౌల్‌లు రెండు గెలిచినది. నిలకడగా తన చోట నిలిచి యుండుమని బోధించిన గురువునకు అట్లు నిలుచుటకు వ్యవధి నిచ్చిన యజమాని దొరకుట ఆయన భాగ్యము.

ఎదుటివాని ఎత్తును ముందుగానే చదువు ఆ దూరదృష్టికి చెల్లింపవలసిన మూల్యమును గూర్చియు చెప్పవలెను. ఆట జరుగుచుండగా అరువదివేల మంది బంతిని చూచుచుండ, కోటు, టోపీ ధరించి గీత వెలుపల నిలిచిన ఆయన కన్ను బంతిపై నుండెడిది కాదు. ఎదుటివారి రక్షకులెట్లు కదలిరో చూచుచు, మనస్సున తరువాతి ఎత్తును అప్పటికే కూర్చుకొనుచుండెడివాడు. తన జట్టు పాయింటు సాధించి అందరును ఎగిరి గంతులు వేయునప్పుడు కూడ ఆయన అక్కడ లేడు, రాబోవు క్షణమున నుండెను. కౌబాయ్స్ జట్టు ఆటగాండ్రను ఎన్నుకొనుటకు కంప్యూటరును అందరికన్న ముందుగా ఆశ్రయించినది. ఆటగాని వడి, బలము, చురుకుదనము మొదలగు గుణములను అంకెలలోనికి మార్చు ఆ పద్ధతిని రూపొందించినవాడు భారతదేశమునుండి వెళ్లిన సలాం ఖురేషీ అను గణాంకశాస్త్రవేత్త. మనుజుని అట్లు అంకెలుగా చూచుట అలవడినచోట, మనుజుడు తాను కనబడుటలేదని బాధపడుటయు సంభవించును. డ్యువేన్ థామస్ అను గొప్ప ఆటగాడు 1971లో, ఈయన ప్లాస్టిక్ మనిషియని పత్రికలవారి ముందు పరుషముగా పలికినాడు. ఆ మాట న్యాయమని నేననను, కాని అది ఎచ్చటనుండి పుట్టినదో నాకు తెలియును.

ఇంతకన్న నన్ను కలచునది క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ సంగతి. దాడిని నడుపు క్వార్టర్‌బ్యాక్ ఏ ఎత్తు వేయవలెనో తానే నిర్ణయించుట ఆ కాలపు వాడుక. స్టాబాక్ అట్టి స్వాతంత్ర్యమును కోరినాడు, అందుకు తగిన తెలివియు గలవాడు. లాండ్రీ ఇయ్యలేదు. ప్రతి ఎత్తును తానే ఎంచి, ఆటగాండ్రను దూతలుగా లోనికి పంపి చెప్పించెను. ఎదుటివాని మనస్సును స్వయముగా చదివి పైకి వచ్చిన మనిషి, ఆ చదువు అవకాశమునే తన ప్రియశిష్యునకు నిరాకరించుట ఎంత విపరీతము! తాను పడి నేర్చిన దారి వెంట శిష్యుడు పడకుండ నడువవలెనను తండ్రి ఆదుర్దా ఇందున్నది. శిష్యుడు తనవలె చూడలేడేమోయను అపనమ్మకమును ఇందున్నది. గెలుపులు ఆయన పక్షమున సాక్ష్యము పలుకును. అయినను నేనీ విషయమున స్టాబాక్ పక్షము వహింతును. తప్పు ఎత్తు వేసి, దాని ఫలమును అనుభవించి, మరల వేసినప్పుడు గదా లాండ్రీ లాండ్రీ అయినది?

అయినను ఆయన విద్య శిష్యులలోనికి సంక్రమించినది, అదియు ఆయన పోలిక లేకుండ. మైక్ డిట్కా ఆయన వద్ద ఆడి, 1972 నాటి ఆ గెలుపులో పాయింట్లు తెచ్చు టచ్‌డౌన్ ఒకటి సాధించి, ఆయన వద్దనే సహాయక కోచ్‌గా తొమ్మిది సంవత్సరములు నేర్చి, 1982లో చికాగో బేర్స్‌కు కోచ్ అయ్యెను. మండిపడుట, అరచుట, చేతిలోని వ్రాతపలకలు విసరివేయుట డిట్కా స్వభావము. గురువుతో ఒక్క రేఖయైనను కలియదు. 1985 నవంబరులో ఆ శిష్యుని జట్టు డల్లాసునకు వచ్చి గురువు జట్టును 44-0తో మట్టి కరపించినది. శిష్యుని వలన ఓటమిని కోరవలెనని మన పెద్దలు గురువులకు చెప్పియున్నారు. అంత ఘోరమైన ఓటమిని ఏ గురువును కోరియుండడు, కాని దానిని ఈయన మాట తూలక స్వీకరించెను.

1989 ఫిబ్రవరిలో జట్టును కొన్న క్రొత్త యజమాని జెర్రీ జోన్స్ వెంటనే ఆయనను తొలగించెను. గడచిన సంవత్సరమున పదునారు ఆటలలో మూడు మాత్రమే గెలిచిన ఆ జట్టు యువకుల నడుమ నిలిచి వీడ్కోలు పలుకుచు లాండ్రీ కన్నీరు పెట్టుకొనెను. ఇన్నాళ్లు దాగిన హృదయము ఆనాడు బయటపడెనని చాలమంది వ్రాసిరి. నాకు ఆ వ్యాఖ్య సమ్మతము కాదు. ఏ యువకుడు ఏ ఖాళీలో నిలువవలెనో తెలియజేయుటకై వేల గంటలు ఆటల ఫిలిములు త్రిప్పి చూచినవాని హృదయము ఆ శ్రమయందే ఎల్లపుడును బయట నుండెను. దానిని గుర్తుపట్టుటకు మనము అలవాటుపడలేదు. మరుసటి సంవత్సరము, 1990లో, ఆయన ఆ ఆటలోని మేటివారిని గౌరవించు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ప్రవేశించిన దినమున, సభకు ఆయనను పరిచయము చేసినవాడు రోజర్ స్టాబాక్. తన ఎత్తు తానే వేసికొందునని అడిగి, లేదనిపించుకొన్నవాడే.